గుడారానికి గ్రాములే కొలమానమా?

కాలినడకన దూరాలు వెళ్లాలనుకునే కుర్రాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట వేదవాక్కుగా చలామణీ అవుతోంది: గుడారం ఎంత తేలికైతే అంత మంచిది. దుకాణంలో అడిగినా, నడక సంఘాల్లో అడిగినా ముందు చెప్పేది బరువే. రెండు కిలోలా? వద్దే వద్దు. కిలోన్నరా? పర్వాలేదు గానీ ఇంకా తగ్గాలి. తొమ్మిది వందల గ్రాములా? ఇప్పుడు దారికొచ్చారు. అరకిలోకు కాస్త పైన తూగే, డైనీమా అనే తేలిక బట్టతో కుట్టిన గుడారం ఎవరైనా అమెరికా నుంచి తెప్పించుకుంటే, దాన్ని ఒకసారి చేతిలో పట్టుకొని చూడటానికే నలుగురు చేరతారు. సుంకంతో కలిపి దాని ఖరీదు అరవై వేలు దాటిందన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ పట్టదు.

అమెరికాలో ఆ మాట ఒప్పే కావచ్చు. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, అక్కణ్ణుంచి మళ్లీ సూర్యాపేట, ఈ నూట నలభై నూట యాభై కిలోమీటర్ల చుట్టు ఒకసారి నడిస్తే మాత్రం అది నిలబడదు. తెలుగు నేల మీద నడిచేవాడికి తగిలే రకరకాల మట్టి, గాలి, నీళ్లు ఈ ఊళ్ల మధ్యనే ఉన్నాయి. అరవై అయిదో నంబరు జాతీయ రహదారి పక్కన చెలకలు, ఉండ్రుగొండ వైపు గుట్టలు, సాగర్ ఎడమ కాలువ కింద కనుచూపు మేర వరి, మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలను పోషిస్తున్న సున్నపురాయి, వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. ఇక్కడ గుడారాన్ని ముందు అడగాల్సింది నువ్వు ఎక్కడెక్కడ నిలబడగలవు అని. తర్వాత, లోపలికి గాలి రానిస్తావా అని. ఆ తర్వాత, పురుగూ పుట్రా రానివ్వకుండా ఉంటావా అని. బరువెంత అన్నది నాలుగో ప్రశ్న. మనవాళ్లు నాలుగోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

ఈ గ్రాముల లెక్క పుట్టింది అమెరికాలో. మంచి ఉద్దేశంతోనే పుట్టింది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అరవై ఏడేళ్ల పెద్దావిడ అపలేచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచి ముగించింది. మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు. భుజాన తాను కుట్టుకున్న గుడ్డసంచి, అందులో ఒక దుప్పటి, వానొస్తే కప్పుకోవడానికి స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. గుడారమే లేదు. 1990లలో రే జార్డిన్ అనే మాజీ ఇంజనీరు పసిఫిక్ కాలిబాట నడిచేవాళ్ల కోసం పుస్తకం రాసి, తక్కువ మోయడాన్ని ఒక పద్ధతిగా మలిచాడు. తిండి, నీళ్లు, ఇంధనం కాక మిగతా సామానంతా కలిపి పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు దాటకూడదన్న గీత అక్కడివాళ్లలో క్రమంగా స్థిరపడింది. ఇంతవరకు నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ తర్వాత కంపెనీలు చేసిన పనితో. ప్లాస్టిక్ తెర కప్పుకొని ఒక ముసలమ్మ నడిచిపోయిన దారిలో వీళ్లు అరవై వేల గుడారానికి దుకాణం తెరిచారు.

ఆ గుడారం ఏ వాతావరణాన్ని చూసి కుట్టిందో కూడా గమనించాలి. పసిఫిక్ బాట దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో మొదలై సియెర్రా కొండల్లోకి ఎక్కుతుంది. జనం నడిచే నెలల్లో అక్కడ వాన అరుదు. గాలిలో తేమ తక్కువ. రాత్రయితే చలి. పడుకునే చోట మేకు దిగే మట్టి. మనకు ఈ నాలుగూ తలకిందులు.

ముందు నేల సంగతి. తేలిక గుడారాల్లో బరువు తగ్గించే అసలు కిటుకు బట్ట కన్నా కమ్మీల దగ్గరుంది. గుడారాన్ని ఎత్తి నిలిపే అల్యూమినియం కమ్మీలు తీసేస్తారు. నడిచేటప్పుడు ఊతంగా పట్టుకునే కర్రల్నే రాత్రికి గుంజలుగా నిలబెట్టి, చుట్టూ ఆరో ఎనిమిదో మేకులు కొట్టి బట్టను లాగి కడతారు. మూడు నాలుగు వందల గ్రాములు మిగులుతాయి. కాగితం మీద చూస్తే లాభసాటి బేరమే. కానీ ఆ గుడారం ప్రాణమంతా మేకుల్లో ఉంటుంది. మేకు దిగని చోట అది ఒట్టి గుడ్డ.

మన దగ్గర నడిచేవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు? బడి వరండాలో, గుడి అరుగు మీద, పంచాయతీ ఆఫీసు ముందు, వడ్లు ఆరబోసుకునే సిమెంటు కల్లంలో. అక్కడ బోరింగు ఉంటుంది, రాత్రంతా ఒక బల్బు వెలుగుతుంది, ఏదన్నా అయితే పిలవడానికి మనిషి ఉంటాడు. సర్పంచినో పూజారినో హెడ్మాస్టరునో మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. రాత్రికి ఏం తిన్నావని అడిగేవాళ్లే ఎక్కువ. ఇంత వసతి వదిలేసి ఎవరిదో చేనులో, అడగకుండా, చీకట్లో మేకులు కొట్టుకునేవాడు సాహసికుడని నేననుకోను. అయితే ఈ వసతులన్నిటి అడుగునా ఉన్నది సిమెంటు, నాపరాయి, గచ్చు. కర్రల గుడారం తెచ్చిన ఒక కుర్రాడి అవస్థ హుజూర్‌నగర్ దగ్గర ఒక బడి వరండాలో చూశాను. ఒక తాడు స్తంభానికి, ఒకటి కిటికీ ఊచకు, ఒకటి తాగునీళ్ల డ్రమ్ముకు, దొరకక దొరకక ఇంకొకటి తన సంచికే కట్టాడు. నడిరాత్రి దాహమేసి సంచిని దగ్గరకు లాక్కున్నాడు. గుడారం వచ్చి మొహం మీద పడింది.

రాళ్లు కట్టుకోవచ్చు కదా అంటారు. కట్టుకోవచ్చు, రాళ్లున్న చోట. ఊడ్చి ముగ్గేసిన గుడి ఆవరణలో రాళ్లెక్కడివి? గుట్టల మీద పాత గుళ్ల దగ్గర, ఫణిగిరి లాంటి తవ్వకాల చోట్ల రాళ్లుంటాయి, వాటిని కదిలించడమే నేరం. ఇక మట్టి మీదే వేస్తామంటారా, వేయండి. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు బారి ఉంటుంది. నెర్రె పక్కన మేకు కొడితే పెళ్ల పెళ్లగా లేచొస్తుంది. అదే రేగడి తడిస్తే జిగురుగా మారి, జానెడు మేకు ఎంత సులువుగా దిగిందో అంత సులువుగా ఊడొస్తుంది. కాలువ కట్ట మీద మొరం బిగిసిపోయి ఉంటుంది, గోరంత మందం టైటానియం మేకు వంగిపోతుంది. గులకరాళ్లు తక్కువున్న ఎర్ర చెలక ఒక్కటే కొంత నయం. తన కమ్మీల మీద తానే నిలబడే గుడారమైతే ఈ గొడవేదీ లేదు. పై కప్పు విప్పేసి జాలీ గదిని మాత్రం వరండాలో నిలబెడితే, లేపి ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకోవచ్చు. ఆ మూడు నాలుగు వందల గ్రాములు దండగ అనేవాణ్ణి ఒక్క రాత్రి గచ్చు మీద పడుకోబెట్టాలి.

తర్వాతది గాలి. మే నెలలో ఈ జిల్లాల్లో పగలు 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. పొద్దుగూకినా గచ్చు, గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి; నడిరాత్రికి కూడా ముప్పై దగ్గరే. చలిదేశం గుడారం వెచ్చదనాన్ని లోపల పట్టి ఉంచడానికి పుట్టింది. నాలుగు వైపులా నిండు బట్ట, పైన మాత్రం చేటంత జాలీ. అదే బడి వరండాలో ఒక ముసలమ్మ అలాంటి గుడారం చుట్టూ ఒకసారి తిరిగి, ‘‘దీంట్ల గాలి ఎట్లొస్తది బిడ్డా? ఉక్కకు సస్తవు’’ అంది. పది సమీక్షలు చదివితే దొరకని మాట. మనకు కావలసిన లోపలి గది నేల నుంచి జానెడు ఎత్తు వరకు గట్టి బట్ట, ఆ పైనంతా జాలీగా ఉండాలి. అది దోమతెరే అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. దోమతెరే.

అసలు సంగతి దోమలతో ఆగదు. పొలాల పక్కన నేల మీద పడుకునేవాడికి ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద గండం కట్లపాము. అది తిరిగేది రాత్రిపూట. కాటు నొప్పి పెద్దగా తెలియదు, నిద్రలో ఉన్నవాడు చాలాసార్లు లేవనే లేవడు. లేచేసరికి రెప్పలు వాలిపోయి మాట పడిపోతూ ఉంటుంది. దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తగ్గుతుందని నేపాల్ తెరాయి పల్లెల్లో జరిగిన పరిశీలనలో తేలింది. తెర అంచును చాప కిందికి దోపుకొని పడుకునే మన పాత అలవాటులోని తెలివి ఇదే. ఇక తేలికవాదుల సలహా ఏమిటి? అడుగూ జాలీ రెండూ పీకేసి ఒట్టి పైకప్పు కింద పడుకోమని. అరకిలో మిగులుతుందట. వరి మడి గట్టు మీద ఆ అరకిలో మిగుల్చుకోమని నేను ఎవరికీ చెప్పలేను. తేళ్లు, జెర్రులు, చెదలు సరేసరి.

ఇప్పుడు నీళ్లు. ఇక్కడ తేలికవాదుల వాదన మరీ పలచబడుతుంది. బరువు తగ్గించడానికి వాళ్లు చేసే రెండో పని రెండు పొరల గుడారాన్ని ఒకే పొరగా మార్చడం. ఒక మనిషి ఊపిరిలోనూ చెమటలోనూ రాత్రంతా కలిపి పావులీటరుకు తక్కువ కాకుండా నీళ్లు బయటికొస్తాయి. ఎడారి గాలి అయితే ఆ తేమను పీల్చేసుకుంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఎడమ కాలువ కింద, కోత అయిన మళ్ల మధ్య, పొగమంచు దిగిన తెల్లవారుజామున గాలికి ఇంకొక్క చుక్క పట్టదు. ఒంటిపొర గుడారం లోపలి భాగం ఇడ్లీ పాత్ర మూతలా తయారవుతుంది. గాలికి ఒకసారి కదిలితే చాలు, చుక్కలన్నీ దుప్పటి మీదికి. రెండు పొరలుంటే ఆ నీరు పై పొర లోపలివైపు పట్టి అటే జారిపోతుంది, జాలీ అడ్డంగా ఉంటుంది. తడిసిన దుప్పటి బరువు ఎంత పెరుగుతుందో గ్రాముల లెక్క రాసేవాళ్లు ఎప్పుడైనా తూచారా?

ఏప్రిల్ వాన ఇంకో రకం. యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో కుప్పలుగా పడి ఉన్నప్పుడే సాయంత్రం మబ్బు పడుతుంది, ఈదురుగాలి లేస్తుంది, వడగండ్లు కూడా పడొచ్చు. ఆ పది నిమిషాల్లో రైతులు తాటిపత్రి కప్పే తీరు చూడండి. మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ కల్లంలోనైనా కనిపిస్తుంది. ముందు కుప్పను వెన్నులా పొడుగ్గా లాగుతారు, నీళ్లు రెండు వైపులా జారడానికి. గాలి వచ్చే వైపు అంచును ముందు తొక్కి పట్టి, దాని మీద ఇసుక బస్తాలు పెడతారు. తర్వాతే రెండో వైపు లాగుతారు. ఎక్కడైనా పట్టా కుంగి గుంట పడితే ఒక పిల్లవాడు పరుగెత్తి కింద వడ్లు ఎగదోస్తాడు, ఎందుకంటే గుంటలో బిందెడు నీళ్లు నిలిచాయంటే ఎంత మందం పట్టా అయినా ఊరుతుంది, లేదా చిరుగుతుంది. గుడారపు శాస్త్రం మొత్తం ఇంతే: వాలు, బిగువు, గాలివాటు అంచు. ఇప్పుడు తేలిక గుడారాల్లో విరివిగా వాడే సిలికాన్ పూసిన నైలాన్ సంగతికి రండి. నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది. పడుకునేటప్పుడు బిగువుగా కట్టిన కప్పు గంట వానకే జారగిలబడుతుంది. లేచి తాళ్లు మళ్లీ బిగించాలి, వాన నిలవకపోతే మళ్లీ లేవాలి. పాలిస్టరు ఇలా సాగదు, ఎండకు కూడా నైలాన్ కన్నా ఎక్కువకాలం ఓర్చుకుంటుంది. కాస్త బరువు, అంతే. ఎండా వానా రెండూ తీవ్రంగా ఉండే చోట ఏది కొనాలో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. డైనీమా సాగదనే మాట నిజమే. కానీ రాపిడికి, గుచ్చుకోవడానికి అది సుకుమారం. తుమ్మచెట్టు కింద దాన్ని పరిచినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

అసలైన వర్షాకాలానికి వస్తే నా సలహా ఏ గుడారమూ కాదు. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి బౌద్ధ విహారాలను చూడండి. శాతవాహన, ఇక్ష్వాకుల కాలం నాటి చోటు. ఏడాదిలో ఎక్కువ భాగం కాలినడకన తిరగడమే బతుకైన భిక్షువులు కూడా వానాకాలం మూడు నెలలు నడక ఆపి ఒకచోట ఉండేవారు. దాన్నే వర్షావాసం అన్నారు. నీళ్లు నిరోధించే అంకె పదిహేను వందల మిల్లీమీటర్లా మూడు వేలా అని దుకాణంలో తగువులాడే ముందు, ఏ నెలలో నడుస్తున్నాం అన్నది తేల్చుకుంటే సగం తగువు తీరిపోతుంది.

ఎదుటివాళ్ల గట్టి వాదనను దాటవేయడం ధర్మం కాదు. వాళ్లనేది: కిలో తగ్గితే మోకాళ్లు మిగులుతాయి, రోజుకు ఇంకో నాలుగు కిలోమీటర్లు నడవొచ్చు, వంద రోజుల దారిలో అది పెద్ద తేడా. ఒప్పుకుంటాను. మూడు కిలోల గుడారం మోయమని నేనూ చెప్పను. కానీ మన ఎండలో వీపు మీద అసలు బరువు ఏమిటి? నీళ్లు. ఏప్రిల్‌లో సూర్యాపేట నుంచి బయల్దేరినవాడు తర్వాతి నమ్మకమైన కుళాయి దాకా మూడు నాలుగు లీటర్లు మోయాలి. అంటే మూడు నాలుగు కిలోలు, ఒక్కో లీటరుకు సరిగ్గా ఒక్కో కిలో; ఏ కంపెనీ దాన్ని తేలిక చేయలేదు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి పది గంటలకల్లా నీడ చేరితే ఆ నీళ్లలో ఒక లీటరు తగ్గుతుంది. అరవై వేలు పోసి గుడారంలో తగ్గించిన బరువు కన్నా ఎక్కువే. అంత పొద్దున్నే లేవాలంటే రాత్రి నిద్ర పట్టాలి. నిద్ర పట్టాలంటే గాలి ఆడాలి, భయం ఉండకూడదు. తేలికవాదుల లెక్కలో నిద్రకు గడి లేదు.

దీనికి పూర్తిగా అవతలి గట్టున ఇంకో వర్గం ఉంది. మన దేశంలో నడిచేవాడికి గుడారమెందుకండీ అంటారు. వినోబా నడవలేదా? నడిచారు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానం మొదలైంది మండుటెండల కాలంలోనే. ఆయన బస ఏర్పాట్లు చూసుకోవడానికి ప్రతి ఊళ్లోనూ జనం ఎదురుచూసేవారు. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,475 కిలోమీటర్లు నడిచినప్పుడు రాత్రి బస ముందే సిద్ధమై ఉండేది. అయినా రాజమండ్రిలో వడదెబ్బ తగిలి ఆగాల్సి వచ్చింది. శబరిమలకు వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచే స్వాముల బృందాల వెంట వంటసామాను, పక్కలు మోసే బండి ఒకటి ఉంటుంది. వెంట బండి ఉన్నవాడి అనుభవం వెంట బండి లేనివాడికి పనికిరాదు. మరి గొర్ల కాపరులో? మందను చేలల్లో ఆపుతూ నెలల తరబడి తిరిగే గొల్ల కురుమలు గొంగడినే కొప్పెర పెట్టుకొని వానలో నిలబడతారు, దాని మీదే పడుకుంటారు. నిజమే. వాళ్ల చుట్టూ రాత్రంతా మేలుకొని ఉండే కుక్కలుంటాయి, మంట ఉంటుంది, వంతులవారీగా కాపలా ఉంటుంది. ఒంటరి నడకగాడికి ఇవేవీ లేవు. గొంగడి గొప్పదనం చెప్పి అతణ్ణి నేల మీద పడుకోబెట్టేవాళ్లు ఆ కాపరి బతుకును కూడా సరిగ్గా చూడలేదు.

కొన్న తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు గనుక ఒక్క మాట. తేలిక బట్టల లోపలివైపు పాలీయురథేన్ పూత ఉన్నవి చాలా ఉంటాయి. తడి పూర్తిగా ఆరకుండా చుట్టి, బిగుతు సంచిలో కుక్కి, బీరువా మీద ఎండాకాలం వానాకాలం రెండూ గడిపిస్తే ఆ పూత కుళ్లుతుంది. విప్పినప్పుడు ఒక మడత ఇంకో మడతకు అంటుకొని చర్రుమంటుంది, పులిసిన వాసన కొడుతుంది, తెల్లటి పొట్టు వేళ్లకు రాలుతుంది. ఇక దాన్ని పారేయడమే. వదులైన నూలు సంచిలో, చల్లగా ఉండే గదిలో పెట్టాలి.

ఇంతకీ ఏది కొనాలి? డబ్బుంటే, తన కమ్మీల మీద తాను నిలబడేది, రెండు పొరలది, లోపలంతా జాలీ ఉన్నది, పైకప్పు లేకుండా కూడా వేసుకోగలిగేది, కప్పు పాలిస్టరుది, కమ్మీలు అల్యూమినియానివి. ఒక మనిషికి కిలోన్నర అటూ ఇటూ పడుతుంది. ఆ కిలోన్నర చూసి సిగ్గుపడనక్కర్లేదు. చౌకగా దొరికే విహారయాత్రల గుండ్రటి గుడారం జోలికి మాత్రం పోవద్దు. దాని ఫైబర్‌గ్లాస్ కమ్మీ పగిలి పేడు చేతిలో గుచ్చుకుంటుంది, ఒంటిపొర బట్ట మొదటి వానకే కారుతుంది.

డబ్బు లేకపోతే మిర్యాలగూడలోనో కోదాడలోనో బజారుకు వెళ్లండి. తీగతో తనంత తాను విచ్చుకునే మడత దోమతెరలు ప్రతి ఊళ్లో అమ్ముతున్నారు. అడుగున కూడా గుడ్డ కుట్టి జిప్పు ఉన్నది, ఒక్కరికి సరిపోయేది తీసుకోండి. కిలో అటూ ఇటూ తూగుతుంది, గచ్చు మీద మేకు లేకుండా నిలబడుతుంది. మడిస్తే పళ్లెంలా గుండ్రంగా ఉంటుంది గనుక సంచి వెనక కట్టుకోవాలి, అదొక్కటే చిరాకు. దాని మీదికి తాటిపత్రి. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు, నూట ఇరవై జీఎస్‌ఎం. చదరపు మీటరుకు నూట ఇరవై గ్రాముల లెక్కన ఏడు వందల ఇరవై గ్రాములు. బయట పడుకోవాల్సి వస్తే రెండు చెట్ల మధ్యో చెట్టుకూ కర్రకూ మధ్యో తాడు లాగి వెన్నులా వేయొచ్చు. వరండాలో అయితే మడిచి కింద పరుచుకోవచ్చు. కొట్టువాడు రెండు వందల జీఎస్‌ఎం తీసుకోమంటాడు, పదేళ్లు ఉంటుందంటాడు. అది వడ్ల కుప్పలకు తీసుకెళ్లేవాళ్ల మాట, వద్దనండి. అంచుల్లో రింగులు అల్యూమినియంవో కాదో మాత్రం చూసుకోండి. ఇనుపవైతే తుప్పుపట్టి దోమతెర మీద మరకలు పడతాయి.